డబ్బా మీది రంగు ఎలుకది, వార్డులోని లెక్క మనిషిది

వరంగల్ పల్లెల్లో చేనుకూ మనిషికీ ఒకటే మాట: మందు. పిల్లవాడికి జ్వరం వస్తే మందు వేస్తారు, పత్తికి పురుగు పడితే మందు కొడతారు. పంటకు వచ్చిన చీడను జబ్బుగా చూసే సేద్యపు చూపులోంచి పుట్టిన మాట అది, తప్పు పట్టవలసింది అందులో ఏమీ లేదు. అయితే ఒకే మాట రెండింటికీ చెల్లుతున్నప్పుడు, ఏది ఎంత ప్రమాదమో చెప్పే భారమంతా డబ్బా మీది గుర్తు మీద పడుతుంది. ఆ గుర్తు ప్రతి పురుగుమందు డబ్బా మీదా ఉంటుంది. మూల మీద నిలబెట్టిన చతురస్రం, దాని కింది సగం ఒక త్రికోణం, ఆ త్రికోణానికి ఒక రంగు: ఎరుపు, పసుపు, నీలం లేదా ఆకుపచ్చ. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద 1971లో వచ్చిన నిబంధనలు ఈ రంగులను నిర్ణయించాయి.

ఆ రంగు దేన్ని కొలిచి వేశారన్నది కొనేవారికి ఎవరూ చెప్పరు. ప్రయోగశాలలో ఎలుకలకు మందును నోటి ద్వారా ఇచ్చి, వాటిలో సగం చనిపోయే మోతాదును లెక్కగడతారు. ఎలుక బరువు కిలోకు ఎన్ని మిల్లీగ్రాములన్నదే ఆ సంఖ్య. విషశాస్త్రంలో దీన్ని ఎల్‌డీ 50 అంటారు. 1927లో బ్రిటిష్ శాస్త్రవేత్త జె.డబ్ల్యూ. ట్రెవన్ ప్రవేశపెట్టిన కొలత ఇది. మన నిబంధనల్లో ఆ సంఖ్య 50 వరకు ఉంటే ఎరుపు, 500 వరకు పసుపు, 5,000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. సంఖ్య ఎంత చిన్నదైతే విషం అంత తీవ్రమన్నమాట. మోనోక్రోటోఫాస్‌ది 14, కనుక ఎరుపు. ఎండోసల్ఫాన్‌ది 80, క్లోరిపైరిఫాస్‌ది 135, డైమిథోయేట్‌దీ పారాక్వాట్‌దీ సుమారు 150. ఈ నాలుగూ పసుపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ కూడా ప్రధానంగా ఎలుకల సంఖ్యల మీదే నడుస్తుంది. ఈ పసుపు మందులు అక్కడ 'ఒక మోస్తరు ప్రమాదకరమైనవి' అనే రెండో తరగతిలోకి వస్తాయి.

ఒక మోస్తరు అన్న ఆ మాట ఎంతవరకు నిజం? దానికి సాక్ష్యం ఎలుకల గదుల్లో దొరకదు, మనుషులకు చికిత్స జరిగే వార్డుల్లోనే దొరుకుతుంది. దురదృష్టం ఏమిటంటే, ఆ సాక్ష్యం పోగుపడిన చోట్లలో వరంగల్ ఒకటి.

1997-98 పంటకాలం ఈ ప్రాంతం మరిచిపోలేనిది. పొగాకు లద్దె పురుగు పత్తి మీద విరుచుకుపడింది. అప్పటికే ఏళ్ల తరబడి అవే మందులు కొట్టడంతో పురుగులు వాటికి అలవాటుపడి ఉన్నాయి. చావని పురుగు మీద ఇంకో మందు, అదీ పనిచేయకపోతే రెండు మందులు కలిపి ఒకే పంపులో పోసి కొట్టడం. దుకాణంలో అరువు పెరిగింది, చేను మిగల్లేదు. ఆ ఏడాది వరంగల్ పేరు దేశమంతటా రైతుల ఆత్మహత్యలతో ముడిపడి వినిపించింది. అప్పుల గురించి, నకిలీ విత్తనాల గురించి, గిట్టుబాటు ధరల గురించి అప్పుడు చాలా రాశారు, రాయవలసిందే. కాని ఆ చావుల్లో మరో పాత్ర ఒకటి ఉంది. అది ఇంటి మూలన సగం మిగిలి ఉన్న డబ్బా. ఆ డబ్బాలో ఏముంది అన్న ప్రశ్న వేసినవారు తక్కువ.

ఆ ప్రశ్న వేసినవారిలో వరంగల్ పరిశోధకులు ఉన్నారు. శ్రీనివాసరావు, వెంకటేశ్వర్లు, సురేందర్‌లు విషవైద్య నిపుణులు మైకేల్ ఎడిల్‌స్టన్, నిక్ బక్లీలతో కలిసి 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. వరంగల్‌లోని ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందుల విషప్రభావంతో చేరినవారి రికార్డులు దానికి ఆధారం. ఆ ఆరేళ్లలో అలా చేరినవారు 8,040 మంది. వారిలో 22.6 శాతం మంది చనిపోయారు, అంటే దాదాపు 1,800 మంది. ఒక్క ఆసుపత్రి, ఆరేళ్ల కాలం. ఆసుపత్రి దాకా రాలేకపోయినవారు ఈ లెక్కలో లేరు.

2002 సంవత్సరపు వివరాలను పరిశోధకులు మరింత దగ్గరగా చూశారు. రోగుల్లో మూడింట రెండు వంతుల మంది 30 ఏళ్లలోపువారు. పురుషులు 57 శాతం, కాబట్టి మిగిలిన 43 శాతం స్త్రీలు. 96 శాతం మంది తమంతట తాము తీసుకున్నవారే. అప్పులపాలైన నడివయసు రైతు అన్న చిత్రం మన మనసుల్లో స్థిరపడిపోయింది, అది అబద్ధం కాదు. కాని ఈ అంకెలు దాని పక్కన ఇంకో చిత్రాన్ని పెడుతున్నాయి: ఇంట్లో మాట మాట పెరిగి అలిగిన ఇరవై ఏళ్ల కోడలు, పరీక్ష తప్పిన కుర్రాడు, ఒక సాయంత్రపు ఆవేశం. ఇలాంటి క్షణాలు చాలావరకు గంటల్లో గడిచిపోతాయని, బతికి బయటపడినవారిలో ఎక్కువమంది తరువాత మామూలు జీవితం గడుపుతారని మనోవైద్యులు చెబుతారు. అలాంటి వేళ ఎవరైనా కనిపిస్తే పక్కన కూర్చోవడం, డబ్బాలు అందకుండా తాళం వేయడం, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేయడం ప్రాణం నిలబెట్టే పనులు. చేతికందిన మందు ఏదన్నదాని మీద కూడా ఆ సాయంత్రం తరువాత మరో ఉదయం ఉంటుందా లేదా అన్నది ఆధారపడి ఉంది. వరంగల్ అధ్యయనం బలం అక్కడే ఉంది.

పేరు తెలిసిన మందుల వల్ల 2002లో జరిగిన మరణాల్లో అధిక భాగం రెండింటివే: మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. మొదటిది ఎరుపు, రెండోది పసుపు. ఎలుకల లెక్కలో ఒకటి రెండోదాని కంటే ఐదు రెట్లకు పైగా విషపూరితం. వార్డులో మాత్రం రెండూ పక్కపక్కనే నిలిచాయి. పసుపు త్రికోణం చూసి 'ఇది కొంచెం నయం' అనుకున్నవారికి ఆసుపత్రి ఇచ్చిన జవాబు అది.

ఎలుక ఎందుకు మోసం చేస్తుందో తెలియాలంటే ఈ మందులు ఒంట్లో ఏం చేస్తాయో కొంచెం లోతుగా చూడాలి. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, డైమిథోయేట్ లాంటివి ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు. మన నరం చివర నుంచి కండరానికి కబురు చేరవేసే రసాయనం అసిటైల్ కోలిన్. పని అయిపోగానే దాన్ని తుడిచేయడానికి అసిటైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్లు ఆ ఎంజైమును పట్టేస్తాయి. అప్పుడు కబురు ఆగదు. నోట్లో లాలాజలం, కళ్ల నీళ్లు, ఊపిరితిత్తుల్లో స్రావం ఊరుతూనే ఉంటాయి. కనుపాప గుండుసూది మొనంత అవుతుంది. గుండె నెమ్మదిస్తుంది, కండరాలు అదిరి అదిరి చివరకు చచ్చుబడతాయి. అట్రోపిన్ అనే విరుగుడు ఇక్కడ ప్రాణాధారం. ఊపిరితిత్తులు పొడిబారి, గుండె వేగం, రక్తపోటు గాడిన పడేవరకు దాని మోతాదును త్వరత్వరగా పెంచుతూ పోవాలని నేటి వైద్యం చెబుతుంది. వరంగల్ అధ్యయన కాలంలో చాలామందికి తక్కువ మోతాదులో, నిర్ణీత వ్యవధుల్లో అట్రోపిన్ ఇచ్చే పద్ధతి నడిచిందని ఆ పరిశోధకులే రాశారు. పరిశోధన తన ఊరి ఆసుపత్రి పనితీరునే తరచి చూసుకుని, మార్చుకోదగ్గదాన్ని బయటపెట్టింది. ఇలాంటి నిజాయితీ అరుదు, గౌరవించదగ్గది.

ఎండోసల్ఫాన్ దారి వేరు. అది ఆర్గానోక్లోరిన్ జాతికి చెందినది. మెదడులో ఉద్రేకాన్ని అదుపులో ఉంచే గాబా వ్యవస్థను అది అడ్డుకుంటుంది. ఫలితం ఆగని మూర్ఛలు. దానికి అట్రోపిన్ విరుగుడు కాదు. పారాక్వాట్ మరీ వేరు. అది పురుగుమందు కూడా కాదు, కలుపు మందు. పల్లెల్లో 'గడ్డి మందు' అని పిలిచేవాటిలో ఒకటి. ఊపిరితిత్తుల కణాలు కొన్ని సహజ పదార్థాలను లోపలికి లాక్కునే ద్వారం గుండానే పారాక్వాట్‌నూ లాక్కుంటాయి. అక్కడ అది ఆక్సిజన్‌తో చర్య జరుపుతూ, మళ్లీ మొదటి రూపానికి వస్తూ, మళ్లీ చర్య జరుపుతూ కణజాలాన్ని దెబ్బతీస్తూనే ఉంటుంది. ఊపిరాడని రోగికి ఆక్సిజన్ పెట్టడం ఎవరైనా చేసే మొదటి పని. ఇక్కడ అవసరానికి మించిన ఆక్సిజన్ నష్టాన్ని పెంచుతుంది. విరుగుడు లేదు. మనిషి స్పృహలో ఉండి, మాట్లాడుతూ, రోజుల తరబడి క్షీణించడం కళ్లారా చూడవలసి వస్తుంది. పసుపు త్రికోణం కింద ఒకే వరుసలో నిలిచిన మందుల నడుమ ఇంత అంతరం ఉంది.

ఈ అంతరాన్ని అంకెల్లో పట్టి చూపింది శ్రీలంక. ఎడిల్‌స్టన్ బృందం 2005లోనే లాన్సెట్ పత్రికలో మూడు ఆర్గానోఫాస్ఫేట్ల పోలిక ప్రచురించింది. క్లోరిపైరిఫాస్ తీసుకున్నవారిలో 8 శాతం మంది చనిపోతే, ఫెంథియాన్ విషయంలో అది 16 శాతం, డైమిథోయేట్ విషయంలో 23 శాతం. ఎలుకల లెక్కలో క్లోరిపైరిఫాస్, డైమిథోయేట్ దాదాపు సమానం. నిజానికి డైమిథోయేట్ ఆ లెక్కలో రవ్వంత నయం. మనుషుల్లో మాత్రం దాదాపు మూడు రెట్లు ప్రాణాంతకం. క్లోరిపైరిఫాస్ కొవ్వులో కరిగి మెల్లగా చురుకందుకుంటుంది. డైమిథోయేట్ నీటిలో కరిగి, త్వరగా వ్యాపించి, రక్తపోటును కుప్పకూలుస్తుంది. పైగా ఎలుకకు ఎవరూ వైద్యం చేయరు, మనిషిని మాత్రం ఆసుపత్రికి తెస్తారు. కాబట్టి అసలు ప్రశ్న 'ఎంత విషం' అన్నది కాదు, 'వైద్యానికి లొంగే విషమా' అన్నది. ఎల్‌డీ 50కి ఈ ప్రశ్న తెలియదు.

శ్రీలంక ఈ లెక్కలను కాగితాల మీదే వదిలేయలేదు. మోనోక్రోటోఫాస్‌ను 1995లో, ఎండోసల్ఫాన్‌ను 1998లో నిషేధించింది. 2008 నుంచి 2011 నడుమ పారాక్వాట్, డైమిథోయేట్, ఫెంథియాన్‌లను దశలవారీగా తొలగించింది. 1995 తరువాతి రెండు దశాబ్దాల్లో ఆ దేశంలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. దాదాపు 93,000 ప్రాణాలు నిలిచాయని పరిశోధకులు అంచనా కట్టారు. నిషేధాల వల్ల పంట దిగుబడులు పడిపోయినట్టు కూడా కనిపించలేదు. ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మన దగ్గర నిషేధం మాట ఎత్తగానే వచ్చే మొదటి అభ్యంతరం అదే.

మన దేశంలో ఎండోసల్ఫాన్‌కు అడ్డుకట్ట పడింది 2011 మేలో, కేరళలోని కాసరగోడ్ జీడిమామిడి తోటల చుట్టూ జరిగిన సుదీర్ఘ పోరాటం తరువాత, సుప్రీంకోర్టు ఆదేశంతో. మోనోక్రోటోఫాస్ కూరగాయల మీద వాడకూడదన్న నిషేధం 2005లోనే వచ్చింది. పత్తికి వాడే డబ్బా, వంకాయకు వాడే డబ్బా వేర్వేరు కావు గనుక ఆ నిషేధం చేను గట్టు మీదే ఆగిపోయింది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌లో మోనోక్రోటోఫాస్ వాడకంపై సమీక్ష ప్రచురించి హెచ్చరించింది. 2013లో బిహార్‌లోని ఒక బడిలో మధ్యాహ్న భోజనంలో అదే మందు కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. ప్రధానంగా వాడుకలో ఉన్న 36 శాతం ద్రావణానికి తెరదించే కేంద్ర ఉత్తర్వు 2023లో గాని రాలేదు. శ్రీలంక తరువాత 28 ఏళ్లకు, వరంగల్ అధ్యయనం తరువాత 18 ఏళ్లకు. ఆలస్యం అన్న చిన్న మాట ఈ కాలానికి సరిపోదు.

ఇక్కడిదాకా చెప్పింది తీవ్రమైన, ఒక్కసారిగా కమ్ముకునే విషం సంగతి. రంగు త్రికోణం కొలవని ఇంకో విషం ఉంది. అది చెలకల్లో రోజూ కాస్త కాస్తగా ఒంటికి పట్టేది. ఆంధ్రప్రదేశ్ ఉమ్మడిగా ఉన్న కాలంలో ఇక్కడి పత్తి గ్రామాల్లో 50 మంది స్త్రీలు మందు కొట్టిన ప్రతిసారీ తమలోనూ, తమ ఇళ్లలోని 47 మంది పురుషుల్లోనూ కనిపించిన లక్షణాలను నమోదు చేశారు. 2005లో వెలువడిన ఆ అధ్యయనంలో నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతం వాటిలో స్వల్పం నుంచి తీవ్రం వరకు ఏదో ఒక విషలక్షణం కనిపించింది. 6 శాతం సందర్భాల్లో నాడీ వ్యవస్థ మీద ప్రభావం చాలా తీవ్రంగా ఉన్నా, ఒక్కరూ వైద్యుడి దగ్గరికి వెళ్లలేదు. 'కళ్లు తిరిగాయి, మజ్జిగ తాగి పడుకున్నా, తెల్లారేసరికి తగ్గింది' అన్నంత మామూలు సంగతి అయిపోయింది అది. భూస్వాముల కంటే చిన్న, సన్నకారు రైతులకే తీవ్ర లక్షణాలు ఎక్కువగా కనిపించాయని కూడా ఆ అధ్యయనం చెప్పింది.

స్త్రీల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పంపు వీపున వేసుకుని సాళ్ల వెంట నడిచేది సాధారణంగా మగవాడు. డ్రమ్ములో నీళ్లు పోసి, మందు కలిపి, ఖాళీ అయిన పంపును మళ్లీ నింపేది చాలా ఇళ్లలో భార్య. పిచికారీ చేసేవాడి మీద పడేది నీళ్లు కలిపిన మందు. కలిపేవారి వేళ్లకు అంటేది నీళ్లు కలపని చిక్కటి మందు. ఆ తరువాత అదే చేలో రోజుల తరబడి పత్తి ఏరేదీ స్త్రీలే. మోనోక్రోటోఫాస్ లాంటివి చర్మం గుండా కూడా లోపలికి వెళ్తాయి. అయినా 'పిచికారీ కూలీ' అనే మాట వినగానే మగవాడే మనసులో మెదులుతాడు. రక్షణ తొడుగుల కొలతలూ, జాగ్రత్తల బొమ్మలూ అతని కోసమే తయారవుతాయి.

చేను నుంచి చెరువుకు వస్తే త్రికోణం మరింత మూగబోతుంది. ఎలుక పీల్చేది గాలి. చేప మొప్పల గుండా నీటిని రోజంతా వడపోస్తూ బతుకుతుంది. నీటిలో లీటరుకు కొన్ని మైక్రోగ్రాములు ఉన్నా సరే, అవి నేరుగా దాని రక్తంలోకి చేరతాయి. ఎండోసల్ఫాన్ అంతటి స్వల్ప మోతాదులోనే చేపలను చంపేది. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి సింథటిక్ పైరెత్రాయిడ్లను క్షీరదాల శరీరం వేగంగా విడగొట్టి బయటకు పంపుతుంది. చేప శరీరానికి ఆ సత్తువ చాలా తక్కువ. కాబట్టి మనిషికి కాస్త నయమని పేరున్న మందు కొరమీనుకూ రోహూకూ యమపాశం కావచ్చు. ఆకుపచ్చ త్రికోణం ఉన్న మందుల సంగతీ ఇంతే. పచ్చ పురుగును అదుపు చేసే క్లోరాంట్రానిలిప్రోల్‌ది ఎలుకల్లో 5,000 దాటిన సంఖ్య. చేపలకూ అది పెద్దగా హాని చేయదు. కాని చుక్కంత ఉండే డాఫ్నియా అనే నీటి జీవులు దానివల్ల లీటరుకు సుమారు 12 మైక్రోగ్రాముల దగ్గరే రెండు రోజుల్లో సగం కదల్లేని స్థితికి వస్తాయి. చేపపిల్లలు తినేది అలాంటి జీవులనే. పిల్ల చావదు, దాని కంచం ఖాళీ అవుతుంది.

కాకతీయ విశ్వవిద్యాలయం సహా తెలుగు నేల మీది జంతుశాస్త్ర విభాగాల్లో ఈ ప్రశ్నల మీద దశాబ్దాలుగా పని జరిగింది. పద్ధతి ఓపికతో కూడినది. ముందు చేపలను తొట్లలో కొన్ని రోజులు అలవాటు చేస్తారు. తరువాత వేర్వేరు తొట్లలో వేర్వేరు గాఢతల్లో మందు కలిపి 96 గంటలు చూస్తారు. సగం చేపలు చనిపోయే గాఢత ఎల్‌సీ 50. అంతటితో ఆగితే అది ఎలుకల పరీక్షకు నీటి రూపం మాత్రమే. విలువైనది ఆ తరువాతి భాగం. ప్రాణం తీయని గాఢతలో చేపను రోజుల తరబడి ఉంచి, దాని మెదడు, కాలేయం, మొప్పలు, కండరం నుంచి నమూనాలు తీసి, ఏ ఎంజైము ఎంత తగ్గిందో చూస్తారు. 1961లో జార్జ్ ఎల్‌మన్ రూపొందించిన పరీక్షలో అసిటైల్ కోలినెస్టరేజ్ పని చేస్తున్నకొద్దీ గొట్టంలోని ద్రావణం పసుపు రంగుకు మారుతుంది. విషం తగిలిన చేప నమూనాలో ఆ పసుపు పాలిపోతుంది. ఈ పసుపు ఎలుక నుంచి అరువు తెచ్చుకున్నది కాదు, ఆ చేప ఒంట్లోంచే వచ్చిన జవాబు. బతికే ఉన్న చేప కూడా సరిగా ఈదలేదని, మేత వెంట పోలేదని, శత్రువు నుంచి తప్పుకోలేదని ఆ పాలిపోయిన రంగు చెబుతుంది.

చెరువులో చేపలు తెల్లారేసరికి తేలితే ఊళ్లో మొదట వినిపించే మాట 'ఎవరో మందు కలిపారు'. ఒక్కోసారి అది నిజం, చాలాసార్లు కాదు. మురుగు చేరి నాచు పెరిగిన చెరువులో రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లవారుజాముకు అడుగంటుతుంది. అలాంటప్పుడు ముందు చనిపోయేవి పెద్ద చేపలు, వాటికి ప్రాణవాయువు ఎక్కువ కావాలి గనుక. పైకి వచ్చి గాలి పీల్చుకోగల కొరమీను తట్టుకుని నిలుస్తుంది. పురుగుమందు అయితే చిన్న చేపలు, రొయ్యలు, నీటి పురుగులు ముందు పోతాయి, ఏ వేళలోనైనా పోతాయి. కొరమీనుకూ మినహాయింపు ఉండదు. మత్స్యకార సంఘాల సభ్యులు చాలామందికి ఈ తేడా అనుభవంతో తెలుసు. చేపలు తాజాగా ఉన్నప్పుడే రెండు మూడింటిని మంచులో పెట్టి, ఒక సీసా నీటితో పాటు పరీక్షకు పంపితే ఎవరినీ నిందించకుండానే నిజం తేలుతుంది. మధ్యాహ్నం దాకా ఎండలో ఉన్న చేప ఏమీ చెప్పలేదు.

ఈ ప్రాంతపు చెరువుల అమరిక వల్ల సమస్య ఒక ఊరితో ఆగదు. కాకతీయుల కాలం నుంచి ఇక్కడి చెరువులు గొలుసుకట్టు. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. నీటిని పొదుపు చేసిన ఆ మేధస్సే నీటిలో కలిసినదాన్ని కూడా కిందికి చేరవేస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్లు నీటిలో కొన్ని రోజులకో వారాలకో విడిపోతాయి. ఆర్గానోక్లోరిన్లు అలా కాదు, బంకమట్టి రేణువులకు అంటుకుని పూడికలో ఏళ్ల తరబడి ఉంటాయి. గమాక్సిన్ పొడి పేరుతో పెద్దలు గుర్తుపట్టే బీహెచ్‌సీని 1997లో నిషేధించారు, వ్యవసాయంలో డీడీటీని అంతకుముందే ఆపేశారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద ఎత్తిన పూడిక మట్టిని చేలకు తోలుకున్నారు. భూసారానికి అది మేలే. అయితే పాత పత్తి ప్రాంతాల చెరువుల్లో పూడిక తీసేముందు పోషకాలతో పాటు పాత మందుల అవశేషాలను కూడా పరీక్షిస్తే, ఒక తరం కింద కొట్టినది మళ్లీ చేలోకి వెళ్తోందా లేదా అన్నది తెలుస్తుంది. అది పెద్ద ఖర్చు కాదు.

నమూనా దక్కకపోతే ఏమవుతుందో 2006లో వరంగల్ జిల్లా చూసింది. ఏరడం అయిపోయిన బీటీ పత్తి చేలలో మేసిన గొర్రెలు చనిపోయాయని కాపరులు చెప్పారు. కారణం బీటీ మొక్కేనని కొందరు, పత్తి మీద మిగిలిన పురుగుమందులూ నైట్రేట్లూ అయి ఉంటాయని ప్రభుత్వ నిపుణులు వాదించారు. బీటీకి సంబంధం ఉందన్న వాదనను జన్యుమార్పిడి పంటల ఆమోద సంఘం అంగీకరించలేదు. వాదన ఏళ్ల తరబడి సాగింది. మంద తరువాత మందను పోగొట్టుకున్న కాపరికి మాత్రం ఏ పక్షం గెలిచినా ఒరిగింది లేదు. చనిపోయిన రోజునే గొర్రె కడుపులోని మేత, కాలేయం, రక్తం, ఆ చేలోని ఆకు విడివిడిగా భద్రపరచి పరీక్షించే ఏర్పాటు జిల్లాలో ఉండి ఉంటే, ఆ వివాదం వాదం మీద కాక ఆధారం మీద నడిచేది.

చట్టం సంగతికి వస్తే చిక్కు స్పష్టంగా కనిపిస్తుంది. పురుగుమందుల చట్టం 27వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం ఒక మందును 60 రోజులు ఆపగలదు, విచారణ పూర్తికాకపోతే మరో 30 రోజులు పొడిగించగలదు. శాశ్వత నిషేధం కేంద్రం చేతిలోనిది. 2018లో తెలంగాణ గ్లైఫోసేట్ అనే గడ్డి మందు వాడకంపై ఆంక్షలు పెట్టినప్పుడు కూడా ఈ గీతల మధ్యే నడవవలసి వచ్చింది. ఈలోగా చేలు మారుతున్నాయి. కలుపు తీసే కూలీలు దొరకక, కూలి రేట్లు భరించలేక గడ్డి మందుల మీద ఆధారపడటం పెరిగింది. 2021-22లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చేసినప్పుడు రైతులు దొరికిన మందులన్నీ కొట్టి చూశారు. ఇంటి మూలన ఉండే డబ్బా మారింది. అది మారితే వార్డులోని చావుల తీరూ మారుతుంది. పారాక్వాట్‌ను నిషేధించాలని తెలంగాణ వైద్యులు గొంతెత్తడానికి కారణం తమ కళ్ల ముందు జరిగిన ఆ మార్పే.

1997-2002 లెక్క ఎంత విలువైనదైనా అది పాత డబ్బాల లెక్క. అలాంటి లెక్క ప్రతి ఏడాదీ, ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ, మందు పేరుతో సహా తయారైతే ఏ మందును ఆపాలో తేల్చడానికి మరో 18 ఏళ్లు పట్టదు. ఇది కొత్త యంత్రాలతో అయ్యే పని కాదు, కేసు షీటులో ఒక పదం సరిగా రాయడంతో అయ్యే పని. 'పురుగుల మందు' అని రాస్తే అది ఏ లెక్కకూ అందదు. మోనోక్రోటోఫాస్ అని, పారాక్వాట్ అని, ప్రొఫెనోఫాస్ అని రాస్తే అందుతుంది. ఆ పేరు వైద్యుడికి తెలియాలంటే రోగితో పాటు డబ్బా రావాలి. కంగారులో ఇంటివాళ్లు దాన్ని పెంటకుప్ప మీదకు విసిరేసి ఆటో ఎక్కుతారు, కొందరు పోలీసు కేసుకు భయపడి దాచేస్తారు. డబ్బాను, అది చిరిగిపోయి ఉంటే లేబుల్ ముక్కనైనా, ఒక సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్లాలి. దాని మీద ఉన్న పేరును బట్టే అట్రోపిన్ ఎక్కించాలా, మూర్ఛను ఆపాలా, ఆక్సిజన్ విషయంలో ఆచితూచి వ్యవహరించాలా అన్నది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న వైద్యుడు మొదటి పది నిమిషాల్లో నిర్ణయించుకోగలుగుతాడు.